ఒక్క హ్యాడ్ తక్కువైనందుకు

ఆ రోజుల్లో నేను చెప్పవలసి ఉండి కూడా చెప్పకుండా మింగేసిన మాట ఒకటుంది. అదేమీ పెద్ద రహస్యం కాదు. "నాకు ఇంగ్లీషు రాదు" అన్న మూడే ముక్కలు. గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఆ మాట అనుకోవడానికి ఎవరూ సిగ్గుపడేవారు కాదు, ఎందుకంటే ఎవరికీ రాదు. నేను ఒక్కణ్ణే సిగ్గుపడ్డాను, ఎందుకంటే నాకు వచ్చునని ఊరంతా నమ్మింది. ఆ నమ్మకం నిలబెట్టుకోవడానికి ఒక మనిషి బతుకుతెరువు పోగొట్టాను. ఈనాటికీ మా ఊళ్లో నన్ను గొప్ప తెలివైనవాడని కొందరు, పక్కా మోసగాడని కొందరు అంటుంటారు. రెండూ నిజం కావు. నలభై దాటాక ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెబుదామని కూర్చున్నాను. చదువుతుంటే నవ్వొస్తే మొహమాటపడకండి, ఇందులో నవ్వు తప్ప నాకు మిగిలిందేమీ లేదు.

నా చదువులో లోపం మా వాళ్లది కాదు. బాపు (నాన్నను మేమలాగే పిలుస్తాం) నన్ను బాసర తీసుకుపోయి, సరస్వతమ్మ ముందు కూర్చోబెట్టి, బియ్యంలో అక్షరాలు దిద్దించాడు. (అవి తెలుగు అక్షరాలు. కాబట్టి తర్వాత జరిగినదానికి ఆ తల్లి పూచీ లేదు.) బడిలో మాకు ఇంగ్లీషు టెన్సులు మొదలుపెట్టాల్సిన ఏడాదే, అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమమొచ్చి బళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేవరకు (ఈ 'వరకు' అన్న మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే) ఏడాది ఇంచుమించు అయిపోయింది, సార్లు తొందర తొందరగా పాఠాలు దాటించుకుంటూ పోయారు. అలా దాటిపోయిన వాటిలో పాస్ట్ పర్ఫెక్ట్ ఒకటి. ఏదో ఒక పని జరిగేసరికి అంతకుముందే ఇంకొకటి జరిగిపోయి ఉంటే, ముందు జరిగినదానికి 'హ్యాడ్' తగిలించాలన్న నియమం అది. దానికి పుస్తకంలో రెండే ఉదాహరణలు. నేను స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయింది. డాక్టరు వచ్చేసరికి రోగి చచ్చిపోయాడు. మా ఊరివాళ్లు రైలు చూడాలంటే బస్సెక్కి పెద్దపల్లి పోవాలి. మేము చూడనే చూడని రైలు వెళ్లిందో, వెళ్లిపోయి ఉందో మాకేం తెలుస్తుంది? ఆ పుస్తకంలో సమయానికి చేరినవాడు ఒక్కడూ లేడని మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది.

అర్థం కానిదాన్ని ఎక్కువగా వాడితే అర్థమైనట్టు కనిపిస్తుందన్న భ్రమ నాది. ఇంటర్మీడియెట్‌లో ప్రతి వాక్యానికీ ఒక హ్యాడ్ తగిలించాను. పొద్దున లేవడానికి హ్యాడ్, పండ్లు తోముకోవడానికి హ్యాడ్, కాలేజీకి పోవడానికి హ్యాడ్. మా లెక్చరరు నా కాగితం క్లాసులో చదివి వినిపించి, "ఇతని జీవితంలో అన్నీ ముందే జరిగిపోయాయర్రా, ఇక జరగాల్సింది ఏమీ లేదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది ఇంగ్లీషు తప్పాను. సెప్టెంబరు పరీక్ష కోసం బాపు కరీంనగర్‌లో ఒక ట్యుటోరియల్లో చేర్పించాడు. అక్కడ చెప్పే ఆయనను అందరూ గ్యారంటీ సార్ అనేవారు, పాస్ గ్యారంటీ అని గోడలమీద రాయించుకున్నాడు గనుక. నా కాగితం ఒకసారి చూసి ఆయన జాలిగా తల ఊపాడు. "బిడ్డా, హ్యాడ్ అనేది పాము లెక్క. పట్టొస్తేనే పట్టాలె. నీకు రాదు గద, దాని జోలికే పోకు. ముప్పై అయిదు మార్కులు యాడికి పోవు" అన్నాడు. నేను పోలేదు. మార్కులూ ఎక్కడికీ పోలేదు. అవ్వ (మా అమ్మ) మొక్కుకున్నట్టు కొండగట్టు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాం. ఆ రోజునుంచి నేను హ్యాడ్‌ను కన్నెత్తి చూడలేదు, నోటితో పలకలేదు. ఉపవాసంలాంటి నిష్ఠ నాది.

ఇంగ్లీషులో పాసైనవాణ్ణని ఊళ్లో పేరొచ్చింది. గోదావరి నీళ్లు ఎత్తి పొలాలకు పారించే మోటరు ఒకటి రైతులందరూ కలిసి సొసైటీగా ఏర్పడి పెట్టించుకున్నారు. అందులో నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు, కాకపోతే తాత్కాలికంగా. మోటరు నడిపేవాళ్లు ఇద్దరు. రాత్రి పూట నడిపేది సొసైటీ అధ్యక్షుడి బామ్మర్ది. ఊళ్లో అందరూ అతన్ని బామ్మర్ది అనే పిలిచేవారు. పగటి పూట నడిపేది నాడెన్న. అతను సాలెల ఇంటివాడు. మగ్గం మీద వచ్చే కూలీ ఇల్లు గడవడానికి చాలక, మగ్గం విప్పి అటక మీద పెట్టి ఈ పనిలో చేరాడు. మోటరు గది నుంచి కాలువ మొన దాకా, కాలువ మొన నుంచి మోటరు గది దాకా రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు గనుక ఊరు అతనికి ఆ పేరు పెట్టింది, మగ్గంలో దారం మోసుకుపోయే నాడె తిరిగినట్టు తిరుగుతాడని. అతని పనీ తాత్కాలికమే. వచ్చే ఉగాదికి మా ఇద్దరినీ పర్మనెంటు చేస్తారని అనుకుంటున్నారు. పర్మనెంటు అయితే అటక మీది మగ్గం అమ్మేస్తానని, ఇక దాని మొహం చూసే పని లేదని నాడెన్న నాతో చాలాసార్లు అన్నాడు. అతను కోరుకున్నది అంతే.

ఒక రాత్రి కరెంటు బాగా తగ్గింది. దీపాలు ఎర్రగా మినుకుమన్నాయి. అలాంటప్పుడు మోటరు ఆపేయాలి. బామ్మర్ది ఆపలేదు, ఎందుకంటే నిద్రపోయాడు. మోటరు కాలి దానంతటదే ఆగిపోయింది. తెల్లారగానే అతను లేచి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయాడు. నాడెన్న వచ్చి స్విచ్ వేశాడు. మోటరు కదల్లేదు, గది నిండా కాలిన వాసన. ఊరందరికీ జరిగింది తెలుసు. కాని అధ్యక్షుడి ముందు బామ్మర్ది పేరెత్తేవాడు ఎవడు? యాసంగి (రెండో పంట) వరి పొట్ట మీద ఉంది. మోటరును కరీంనగర్‌కు వైండింగుకు పంపారు. అది వచ్చేలోగా చివరి పొలాలు బీటలు వారాయి. అప్పిచ్చిన బ్యాంకు వాళ్లు విచారణకు ఒక ఇంజనీరును పంపారు.

ఆయన మద్రాసు మనిషి. మా వైపు ఏ ఆఫీసరొచ్చినా ఉర్దూతో గట్టెక్కేవాళ్లం, ఊళ్లో ముసలివాళ్లకు కూడా ఆ భాష వచ్చు. ఈయనకు ఉర్దూ రాదు, హిందీ రాదు, తెలుగు అంతకన్నా రాదు. అధ్యక్షుడు నాలుగు మాటలు ఉర్దూలో మాట్లాడి చూసి, చేతులెత్తేసి, నా వంక తిరిగాడు. ఊరంతా నా వంక తిరిగింది. బాపు తలపాగా సర్దుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ క్షణాన నేను "నాకు రాదు" అని ఉండాల్సింది. బదులుగా గొంతు సవరించుకున్నాను.

ఇంజనీరు ఏం జరిగిందని అడిగాడు. నాడెన్న చేతులు కట్టుకుని చెప్పాడు: "నేను పొద్దుగాల వచ్చి స్విచ్చేసేవరకే మోటరు కాలిపోయింది సారూ." ఎంత శుభ్రమైన మాట చూడండి. 'వేసేవరకే' (కొన్ని జిల్లాల వాళ్లు వేసేసరికే అంటారు) అనగానే, అప్పటికే కాలిపోయి ఉందనీ, కాల్చింది తను కాదనీ, అంతకుముందు ఎవరున్నారో వాళ్లను అడగండనీ అన్నీ అందులోనే ఉన్నాయి. బామ్మర్ది పేరెత్తకుండానే నిజం చెప్పాడు. ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చాను: "వెన్ ఐ స్విచ్డ్ ఆన్, ద మోటార్ బర్న్‌ట్ సార్." హ్యాడ్ లేదు. నేను ఉపవాసంలో ఉన్నాను కదా. హ్యాడ్ లేకపోతే ఆ వాక్యానికి అర్థం, నేను స్విచ్ వేయగానే మోటరు కాలింది అని.

ఇంజనీరు కనుబొమలు ముడిపడ్డాయి. స్విచ్ వేయకముందు కరెంటు ఎంతుందో చూశాడా అని అడిగించాడు. నేను అడిగాను. నాడెన్నకు ఆ ప్రశ్నే విడ్డూరంగా తోచింది. "కాలిపోయినంక ఏం జూస్తం పటేలా? గప్పటికే వాసనొస్తుండె" అన్నాడు నా వంక చూసి (భూములున్న ఇంటి మగవాళ్లను మా వైపు పటేలా అంటారు). నేను మార్చాను: "ఆఫ్టర్ బర్నింగ్, వాట్ టు సీ, సార్?" మద్రాసాయన మొహం ఎర్రబడింది. చూడకుండా మోటరు పెట్టి, కాల్చి, పైగా కాలాక చూసేదేముంది అంటున్నాడే ఈ మనిషి అనుకున్నాడు. నెమ్మదిగా, నాకు అర్థం కావాలని ఒక్కో మాట విడదీసి, అయితే ఇతను చూసుకోకుండా స్విచ్ వేశాడు, వేయగానే మోటరు కాలింది, అంతే కదా, అని అడిగాడు. నా ఇంగ్లీషు చాలా స్పష్టంగా ఉందని కూడా మెచ్చుకున్నాడు.

అప్పుడు నాకు తెలిసింది. ఆయన చెప్పినది అర్థమైంది, నేను చెప్పినది ఏమిటో అర్థమైంది, ఈ రెంటి మధ్య ఏది తగ్గిందో కూడా అర్థమైంది. అన్నేళ్ల తర్వాత హ్యాడ్ వచ్చి నా నాలుక చివర నిలబడింది. బయటికి తీయాలంటే, ఇంతసేపూ నేను చెప్పింది తప్పని ఊరందరి ముందు ఒప్పుకోవాలి. బాపు నా వంక చూస్తున్నాడు. బర్న్‌ట్ ముందు పెట్టాలా, స్విచ్డ్ ముందు పెట్టాలా అన్న అనుమానం ఒకటి. "ఎస్ సార్" అన్నాను. నేను తన తరఫున గట్టిగా మాట్లాడుతున్నాననుకుని నాడెన్న నాకు రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు నాకిప్పటికీ కనిపిస్తాయి.

నాడెన్నను పనిలోంచి తీసేశారు. అధ్యక్షుడు ఆ సాయంత్రం నన్ను ఇంటికి పిలిపించి, వీపు చరిచి, "ఏం తెలివిరా నీది. పేరెత్తకుంట, అబద్ధమాడకుంట, ఒక్క మాటతోని మా బామ్మర్దిని గట్టెక్కిచ్చినవు" అన్నాడు. నేను బిత్తరపోయాను. నాకు ఇంగ్లీషు రాక జరిగిన పొరపాటును ఆయన రాజకీయం అనుకున్నాడు. కాదని చెప్పాలంటే మళ్లీ అదే మాట చెప్పాలి. తల వంచుకుని, వినయంగా నవ్వి ఊరుకున్నాను. ఉగాదికి నా పని పర్మనెంటయింది. మనిషి ఎంత విచిత్రమైనవాడో నాకు నన్ను చూసుకున్నాకే తెలిసింది. మోసగాడనిపించుకోవడానికి ఒప్పుకున్నాను, ఇంగ్లీషు రానివాడనిపించుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఊరు విడిచిపోయే ముందు నాడెన్న సొసైటీ ఆఫీసుకు వచ్చాడు. సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద పని దొరికిందట, మగ్గం ఎలాగూ వచ్చిన విద్యే కదా అన్నాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "పటేలా, గా మద్రాసాయనకు నువ్వేం చెప్పినవు?" అని అడిగాడు. "నువ్వు చెప్పిందే చెప్పిన నాడెన్నా" అన్నాను. ఒక్కో మాటకు ఒక్కో మాట పెట్టి చెప్పాను, అది ప్రమాణపూర్వకంగా నిజం. నిజంతో కూడా ఇంత పాపం చేయవచ్చని ఏ సారూ నాకు చెప్పలేదు. అతను "మంచిది" అని వెళ్లిపోయాడు. తర్వాత ఎవరో చెప్పారు, పెళ్లాం పిల్లలతో బస్సెక్కుతూ, పటేలు నన్ను అమ్ముకున్నడు అన్నాడట.

ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డకు ఇంగ్లీషులో టెన్సులు వచ్చే వయసొచ్చింది. ఒకనాడు పుస్తకం పట్టుకొచ్చి, ఇక్కడ హ్యాడ్ ఎందుకు పెట్టారని అడిగింది. చూస్తే అదే రైలు, అదే స్టేషను. ఇన్నేళ్లయినా ఆ రైలు అందుకున్నవాడు లేడు. నేను ఆలోచించకుండానే చెప్పడం మొదలుపెట్టాను. ఒకాయన పొద్దున వచ్చి స్విచ్ వేశాడమ్మా, అప్పటికే మోటరు కాలిపోయి ఉంది, ముందు కాలింది గనుక కాలినదానికి హ్యాడ్ పెట్టాలి, పెట్టకపోతే ఆయన స్విచ్ వేసినందుకే కాలినట్టవుతుంది, అన్నాను. జన్మలో అంత బాగా ఏదీ చెప్పలేదు. పిల్లకు ఒక్కసారికే అర్థమైంది. "అయితే స్విచ్చేసినాయన తప్పేం లేదు గద బాపూ" అంది. లేదన్నాను. "మరి గాయిన్ని ఎవలన్న ఏమన్న అన్నరా?" అని అడిగింది. మర్నాడు సిరిసిల్ల బస్సెక్కాను.

దారిలో అంతా ఒకటే వాక్యం తయారు చేసుకున్నాను. కాని పవర్‌లూమ్ షెడ్డులో అడుగు పెడితే మన మాట మనకే వినిపించదన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. వరసగా మరమగ్గాలు, చెవులు చిల్లులు పడే టకటక. నాడెన్న తల మీద, కనురెప్పల మీద దూది. ముసలివాడైపోయాడు. ఇక్కడ నడుస్తున్నది నాడె, అతను మాత్రం ఒక్కచోటే నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏమిటన్నట్టు సైగ చేశాడు. అరిచాను. వినబడలేదు. గొంతు చించుకుని మళ్లీ అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే ఖంగున మోగింది: "నాకు ఇంగ్లీషు రాకుండె!"

షెడ్డంతా నా వంక తిరిగింది. ఎన్నేళ్లు దాచుకున్న మాటండీ. మూల మగ్గం దగ్గరున్న ఒకాయన తాపీగా, "మాకు గూడ రాదు పటేలా, గింత పరేషానెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాడెన్న నవ్వలేదు. "కరెంటొచ్చేవరకు టైమున్నది. చెప్పు" అని పక్కనున్న బల్ల చూపించాడు.

చెప్పాను. మద్రాసాయన అడిగినది, నేను చెప్పినది, చెప్పాల్సినది. ఉద్యమంలో బడి మూతపడటం దగ్గరనుంచి గ్యారంటీ సార్ దాకా అన్నీ చెప్పాను. హ్యాడ్ ఎక్కడ పెట్టాలో, పెట్టకపోతే ఏమవుతుందో చేతులు తిప్పుతూ వివరించాను. అతను బీడీ ముట్టించకుండా చేతిలో పట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"అంటే నువ్వు నన్ను అమ్ముకోలేదు?"

"లేదు నాడెన్నా. అవ్వ తోడు."

"అమ్ముకున్నవనే అనుకున్న ఇన్నేండ్లు. బామ్మర్దిని కాపాడనీకె నన్ను బలిచ్చిండు, పెద్దోళ్ల కథలు గట్లనే ఉంటయని మనసుకు చెప్పుకున్న." బీడీని చెవి మీద పెట్టుకున్నాడు. "అమ్ముకుంటే నాకో ధరన్న ఉండె గద పటేలా. గిప్పుడు ఏం లేకుంటనే పోయినట్టాయె."

నిజం చెబితే అతని బరువు దిగుతుందనుకుని వచ్చాను. అతనికి మిగిలిన ఒక్క కారణాన్ని కూడా లాక్కున్నాను. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. కరెంటు లేనంతసేపూ నేను చెప్పింది గ్రామరే. అసలు మాట అనలేదు. అందామని నోరు తెరిచేవరకే కరెంటు వచ్చేసింది. (ఇక్కడ హ్యాడ్ పెట్టాలి. ఇప్పుడు నాకు బాగా వచ్చు.) మగ్గాలు ఒక్కసారిగా అందుకున్నాయి. నాడెన్న లేచి తన మగ్గం దగ్గరికి పోయాడు, మీటరు లెక్కన కూలీ అతనిది. నేను వెనకాలే పోయి నిలబడ్డాను. ఆ పుస్తకంలో రైలు తప్పినవాడి పక్కన, డాక్టరు పక్కన నాకూ ఒక చోటుందనిపించింది. తలపాగా సర్దుకున్న బాపు ముందు గొంతు సవరించుకున్న ఆ ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కొట్టబుద్ధి కాదు. మార్కులు పోతాయని భయపడ్డాడు పాపం, అంతే. ఆ మార్కులు మాత్రం ఇంకొకరి ఇంట్లోంచి పోయాయి.

ఏదో అన్నాను. నాకే వినబడలేదు. నాడెన్న నా పెదవులు కదలడం చూశాడు. కాసేపు పని చూసుకున్నాడు, మళ్లీ నా వంక చూశాడు. చివరికి చెయ్యి చాపి తన మగ్గం ఆపాడు. మిగతావన్నీ మోగుతూనే ఉన్నాయి, ఆ ఒక్కటి ఆగేసరికి మా ఇద్దరి మధ్య ఒక మాట పట్టేంత చోటు ఏర్పడింది. చెవి నా దగ్గరికి వంచాడు.

"నువ్వు స్విచ్చేసేవరకే మోటరు కాలిపోయి ఉండె నాడెన్నా" అన్నాను. "నువ్వు మంచిగనే చెప్పినవు. నేనే చెప్పలేదు. తప్పయింది, మాఫ్ జెయ్యి."